మేస్త్రీకి ఇచ్చిన పైసలు ఎవరికి చెప్పాలి?

కింద రెండు మడిగెలు, పైన కిరాయి ఇల్లు. నిజామాబాద్ జిల్లా భీమ్‌గల్‌లో నాలుగు పైసలు మిగిలినవాళ్లు ఎక్కువగా కట్టేది ఇదే. 2018లో ఊరు మున్సిపాలిటీ అయ్యాక ఈ మోజు ఇంకా పెరిగింది. గల్ఫ్ సంపాదన, పసుపు అమ్మిన డబ్బు, రిటైరైననాడు చేతికొచ్చిన మొత్తం చివరికి సిమెంటులోకే చేరతాయి. కట్టి కిరాయికి ఇచ్చాక కూడా ఖర్చు ఆగదు. స్లాబ్ ఉరుస్తుంది, షట్టర్ తుప్పు పడుతుంది, కిరాయిదారు మారినప్పుడల్లా రంగులు వేయించాలి. సుతారి మేస్త్రీకి, సెంట్రింగ్ ఆయనకు, కరెంటు పనివాడికి, టైల్స్ వేసేవాళ్లకు ఓనరు చేతి నుంచే డబ్బు వెళ్తుంది.

ఈ డబ్బు సంగతి ఆదాయపు పన్ను శాఖకు ఓనరు చెప్పాలా? టీడీఎస్ పేరుతో ఇచ్చేటప్పుడే కొంత పన్నుగా పట్టుకుని ఖజానాకు కట్టాలా? ఊళ్లో అడిగితే రెండు జవాబులు వస్తాయి. "అదంతా కంపెనీల సంగతి, మనకెందుకు" అనేవాళ్లు కొందరు. "లక్ష దాటితే టీడీఎస్ పట్టాల్సిందే" అనేవాళ్లు కొందరు. ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది. చట్టం ముందుగా చూసేది ఇంటిని కాదు, డబ్బు ఇస్తున్న మనిషిని. ఒకే మేస్త్రీ, ఒకే పని, ఒకే మొత్తం అయినా రిటైర్డ్ టీచరు ఇస్తే ఏ బాధ్యతా ఉండదు, సహకార సంఘం ఇస్తే పూర్తి బాధ్యత ఉంటుంది. ఈ తేడా ఎలా వచ్చింది, ఎవరిని తాకుతుంది, ఎక్కడ అన్యాయంగా ఉంది అన్నదే ఈ సమీక్ష.

ముందుగా ఒక మాట. 1961 నాటి చట్టం స్థానంలో ఆదాయపు పన్ను చట్టం 2025 వచ్చింది. 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా పెట్టుకున్న ఆ చట్టంలో, విడివిడిగా ఉన్న టీడీఎస్ సెక్షన్లు చాలావరకు 393వ సెక్షన్ పట్టికల్లోకి చేరాయి. కానీ ఆడిటర్ల నోటా, అకౌంటెంట్ల పుస్తకాల్లోనూ పాత నంబర్లే ఇంకా బతికి ఉన్నాయి. అందరికీ తెలిసిన ఆ నంబర్లనే ఇక్కడ వాడుతున్నాను.

194సీ నడిచిన దారి

కాంట్రాక్టర్లకు ఇచ్చే డబ్బులో పన్ను పట్టుకోవాలన్న నియమం, అంటే 194సీ సెక్షన్, 1972లో వచ్చింది. మొదట దాని గురి ప్రభుత్వ శాఖలు, స్థానిక సంస్థలు, కంపెనీలు, సహకార సంఘాల వంటి పెద్ద చెల్లింపుదారుల మీదే. రోడ్లు, కాలువలు, ఫ్యాక్టరీ షెడ్లు కట్టించేవాళ్లు వాళ్లే కాబట్టి కాంట్రాక్టరు ఆదాయం జాడ వాళ్ల దగ్గరే దొరుకుతుందన్నది ఆలోచన. మామూలు వ్యక్తిని, ఉమ్మడి హిందూ కుటుంబాన్ని కాంట్రాక్టరు చెల్లింపుల విషయంలో ఇందులోకి తెచ్చింది 2007లో. అదీ అందరినీ కాదు, వ్యాపారం ఒక హద్దు దాటినవాళ్లనే. మొదట ఆ హద్దు ఆడిట్‌తో ముడిపడి ఉండేది. 2020లో ఆ ముడి తీసి నేరుగా అంకె పెట్టారు. అంతకు ముందటి ఆర్థిక సంవత్సరంలో వ్యాపారం టర్నోవరు కోటి రూపాయలు గానీ, వృత్తి రాబడి 50 లక్షలు గానీ దాటిన వ్యక్తి 194సీ కిందికి వస్తాడు.

ఇప్పటి రేట్లు 2009 అక్టోబరులో వచ్చినవి. డబ్బు అందుకునేది వ్యక్తి గానీ ఉమ్మడి కుటుంబం గానీ అయితే 1 శాతం, సంస్థ అయితే 2 శాతం. ఒక్క బిల్లు 30,000 దాటినా, ఏడాదిలో ఒకే మనిషికి ఇచ్చింది కలిపి లక్ష దాటినా పట్టాలి. పాన్ ఇవ్వకపోతే రేటు 20 శాతానికి ఎగబాకుతుంది. కాగితం మీద ఒప్పందం లేదు, నోటిమాటే అన్నంత మాత్రాన తప్పించుకోలేరు. నోటి ఒప్పందం కూడా కాంట్రాక్టే.

"లక్ష దాటితే" అన్న మాట ఊళ్లోకి వచ్చింది ఇక్కడి నుంచే. ఆ లక్ష కన్నా ముందు కోటి అన్న గడప ఉందన్న సంగతి మాత్రం దారిలో జారిపోయింది. ఆ కోటిలో ఇంటి కిరాయిగా వచ్చిన ఆదాయం లెక్కకు రాదు. వ్యాపారం, వృత్తి రాబడే చూస్తారు. అంటే పది మడిగెల కిరాయి మీద బతికే మనిషికి వేరే వ్యాపారం లేకపోతే, మేస్త్రీకి ఐదు లక్షలు ఇచ్చినా 194సీ అతని జోలికి రాదు.

ఓనరును ఎందుకు వదిలేశారు

దీని వెనుక కిరాయి ఆదాయాన్ని లెక్కకట్టే తీరు ఉంది. మూడు మడిగెలకు నెలకు పదేసి వేల చొప్పున కిరాయి వస్తోందనుకుందాం. ఏడాదికి 3,60,000. ఓనరు ఆ ఏడాది కట్టిన మున్సిపల్ పన్ను 10,000 అయితే మిగిలేది 3,50,000. అందులోంచి 30 శాతం, అంటే 1,05,000 ఎవరూ బిల్లు అడగకుండానే తీసేస్తారు. పన్ను లెక్కకు వచ్చేది 2,45,000. ఇంటి అప్పు ఉంటే వడ్డీ వేరేగా తగ్గుతుంది. ఆ ఏడాది మరమ్మతులకు ఐదు వేలే పెట్టినా, మూడు లక్షలు పెట్టినా ఈ లెక్క మారదు.

1961 చట్టంలో మరమ్మతులకు ఆరో వంతు తీసేసేవారు. ఆ భాగం క్రమంగా పెరిగి, 2001 ఫైనాన్స్ చట్టంతో 30 శాతం దగ్గర నిలిచింది. ఖర్చును ఓనరు చూపించనక్కర్లేదు కాబట్టి, ఆ ఖర్చు ఎవరి చేతికి వెళ్లిందో అడగాల్సిన అవసరమూ శాఖకు పెద్దగా కనిపించలేదు. వ్యాపారి సంగతి వేరు. టీడీఎస్ పట్టాల్సిన చోట పట్టకపోతే ఆ ఖర్చులో 30 శాతాన్ని లెక్కలోంచి కొట్టేస్తారు. ఒక రోజులో ఒకరికి 10,000 మించి నగదు ఇస్తే ఆ ఖర్చే చెల్లదు. ఈ రెండు దెబ్బలూ వ్యాపార ఆదాయానికే తగులుతాయి, ఇంటి కిరాయి ఆదాయాన్ని తాకవు.

ఇక్కడొక మెలిక ఉంది. ఫంక్షన్ హాలును రోజు లెక్కన ఇస్తూ, డెకరేషను, వంటలు, కరెంటు, శుభ్రం చేయించడం అన్నీ తానే చూసుకునే ఓనరు చేసేది సాధారణంగా వ్యాపారం కిందే లెక్క. అక్కడ 30 శాతం మినహాయింపు దొరకదు. అసలు ఖర్చులు చూపించాలి, వాటితోపాటే పైన చెప్పిన రెండు దెబ్బలూ వస్తాయి. అదే ఓనరు పక్కనే ఉన్న మడిగెలను నెల కిరాయికి ఇస్తే అది ఇంటి ఆదాయం. నివాస గృహం కిరాయిని వ్యాపార ఆదాయంగా చూపించే దారిని 2024 ఫైనాన్స్ చట్టం మూసేసింది. కాబట్టి ఒకే కాంపౌండు గోడ లోపల రెండు రకాల ఆదాయం, రెండు రకాల బాధ్యత ఉండవచ్చు. రంగులు వేసిన మేస్త్రీ బిల్లు రెండింటికీ కలిపి రాయించుకుంటే ఆడిటరుకు తలనొప్పే.

గడప దాటినవాళ్లు

ఈ ప్రాంతంలో బాధ్యత నిజంగా ఎవరి మీద పడుతుందో చూద్దాం. మొదటివాడు రైస్ మిల్లు యజమాని. మిల్లు టర్నోవరు కోటి దాటడం పెద్ద విషయం కాదు. మిల్లు అతని సొంత పేరు మీద ఉంటే, అతని మడిగెలకు పని చేసిన కాంట్రాక్టరుకు ఇచ్చే డబ్బుకూ ఈ కోటి గడప దాటినట్టే.

రెండోవాడు మార్కెట్ యార్డు అడ్తిదారు. నిజామాబాద్ పసుపు మార్కెట్‌లో ఒక్కో దుకాణం మీదుగా కోట్ల రూపాయల సరుకు మారుతుంది. అయితే రైతు తరఫున అమ్మిపెట్టి కమీషన్ మాత్రమే తీసుకునే అడ్తిదారు టర్నోవరు ఆ కమీషనే అని 1986లోనే కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 452వ సర్క్యులర్‌లో చెప్పింది. సొంతంగా కొని అమ్మితే మాత్రం మొత్తం సరుకు విలువ లెక్కకొస్తుంది. పక్కపక్క దుకాణాల్లో కూర్చున్న ఇద్దరిలో ఒకరు గడప లోపల, ఒకరు బయట ఉండటం సాధ్యమే.

మూడోది భాగస్వామ్య సంస్థ. ముగ్గురు అన్నదమ్ములు కలిసి స్థలం కొని మడిగెలు కట్టారనుకుందాం. దస్తావేజులో ఎవరి వాటా ఎంతో స్పష్టంగా ఉండి, ఉమ్మడి ఓనర్లుగానే ఉంటే ఒక్కొక్కరినీ విడిగా చూస్తారు. కోటి లెక్క కూడా ఎవరిది వారికే. అదే ముగ్గురూ భాగస్వామ్య పత్రం రాసుకుని ఫర్మ్ పేరుతో కట్టిస్తే, ఫర్మ్‌కు టర్నోవరు హద్దే లేదు. మొదటి ఏడాది నుంచే, 30,000 దాటిన మొదటి బిల్లు నుంచే టీడీఎస్ బాధ్యత మొదలవుతుంది. పత్రం రాసుకునే రోజు ఈ సంగతి ఎవరూ చెప్పరు, నోటీసు వచ్చాకే తెలుస్తుంది.

నాలుగోది సంఘాలు. సింగిల్ విండో అని పిలుచుకునే ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘం గోదాము మరమ్మతు చేయించినా, మడిగెలు కట్టించినా టర్నోవరుతో పని లేకుండా పట్టాల్సిందే. సొసైటీగా రిజిస్టరైన కుల సంఘం, యువజన సంఘం, ట్రస్టు కూడా అంతే. నిజామాబాద్ జిల్లా పల్లెల్లో గ్రామాభివృద్ధి కమిటీలకు ఉన్న బలం తెలిసిందే. ఊరి తరఫున డబ్బు కూడబెట్టడం, భవనాలు కట్టించడం, వాటిని కిరాయికి ఇవ్వడం వాళ్ల పనుల్లో ఉన్నాయి. రిజిస్టరు కాని కమిటీ చట్టం దృష్టిలో వ్యక్తుల సమూహం, దానికి కోటి హద్దు వర్తిస్తుంది. రిజిస్టరు చేయించుకుంటే ఆ హద్దు రక్షణ పోతుంది. పద్ధతిగా ఉండాలని రిజిస్టరు చేయించుకున్నవాళ్ల మీద అదనపు పని పడుతుంది, చేయించుకోనివాళ్లు హాయిగా ఉంటారు. ఈ చట్టంలోని వింతల్లో ఇదొకటి.

సొంత అవసరం అంటే ఏది?

వ్యక్తి గానీ ఉమ్మడి కుటుంబం గానీ పూర్తిగా సొంత అవసరానికి చేయించుకునే పనికి 194సీ వర్తించదు. మిల్లు యజమాని తాను ఉండే ఇంటికి స్లాబ్ వేయిస్తే మినహాయింపు ఉంటుంది. అదే మనిషి కిరాయి మడిగెలకు స్లాబ్ వేయిస్తే? అది మిల్లు ఖర్చు కాదు, అలాగని సొంతంగా వాడుకునేదీ కాదు. కిరాయి రావడానికి పెట్టిన ఖర్చు. "వ్యాపారానికి కానిదంతా సొంతమే" అని ఒక వాదన. "పూర్తిగా సొంతానికి అని చట్టం అంది కాబట్టి, ఆదాయం తెచ్చే ఆస్తి అందులోకి రాదు" అని ఇంకో వాదన. నాకు రెండోదే గట్టిగా కనిపిస్తుంది. పైగా లెక్క వేసి చూస్తే, 1,20,000 బిల్లు మీద పట్టేది 1,200 రూపాయలు. అది కూడా ఓనరు జేబులోది కాదు, మేస్త్రీ ఖాతాలో జమయ్యేది. దానికోసం వాదన మీద ఆధారపడటం తెలివైన పని కాదు.

గుత్తకూ కూలికీ ఉన్న తేడా కూడా తెలియాలి. చదరపు అడుగుకు ఇంతని మేస్త్రీకి గుత్తకిస్తే అది కాంట్రాక్టు. ఓనరే నలుగురు కూలీలను పెట్టుకుని సాయంత్రానికి రోజు కూలి చేతిలో పెడితే కాంట్రాక్టు కాదు. సిమెంటు, సలాక, ఇసుక ఓనరే కొని మేస్త్రీకి పని మాత్రమే అప్పగిస్తే, పని డబ్బు మీదే టీడీఎస్. మెటీరియల్‌తో సహా కట్టి తాళాలు చేతికిస్తానన్న కాంట్రాక్టరుకైతే మొత్తం బిల్లు మీద పట్టాలి. బిల్లులో జీఎస్టీ విడిగా చూపితే ఆ భాగాన్ని వదిలేయవచ్చు. ప్లాను గీసిన ఇంజినీరు ఫీజు వేరే సెక్షను కిందికి వెళ్తుంది. గడప దాటినవాళ్లు ఏడాదికి 50,000 మించితే 10 శాతం పట్టాలి. ఆ 50,000 హద్దు 2025 ఏప్రిల్ నుంచి వచ్చింది, అంతకు ముందు 30,000.

యాభై లక్షల దగ్గర రెండో గడప

టర్నోవరు లేదు, సొంత అవసరమే అన్న పేరుతో పెద్దపెద్ద చెల్లింపులు శాఖ కంట పడకుండా పోతున్నాయని 2019 సెప్టెంబరు 1 నుంచి 194ఎం తెచ్చారు. ఏ వ్యక్తి అయినా, ఉమ్మడి కుటుంబమైనా ఒక ఆర్థిక సంవత్సరంలో ఒకే కాంట్రాక్టరుకు 50 లక్షలకు మించి ఇస్తే పన్ను పట్టాలి. సొంతిల్లు అన్న మినహాయింపు ఇక్కడ పనిచేయదు. మొదట రేటు 5 శాతం, 2024 అక్టోబరు 1 నుంచి 2 శాతం. షాపింగ్ కాంప్లెక్సు మొత్తాన్ని మెటీరియల్‌తో కలిపి 60 లక్షలకు ఒకరికే అప్పగించిన ఓనరు అదే ఏడాదిలో అంతా చెల్లిస్తే 1,20,000 పట్టి కట్టాలి. హద్దు పైన ఉన్న పది లక్షల మీద మాత్రమే కాదు, మొత్తం 60 లక్షల మీద.

పన్ను పట్టి కట్టేవాళ్లకు ఇచ్చే టాన్ నంబరు దీనికి అక్కర్లేదు, పాన్‌తోనే పని జరుగుతుంది. పట్టిన నెల ముగిశాక 30 రోజుల్లోగా 26క్యూడీ ఫారంతో కట్టాలి. ఆ తర్వాత 15 రోజుల్లో కాంట్రాక్టరుకు 16డీ సర్టిఫికెట్ ఇవ్వాలి. సులువైన దారే. కానీ చిన్న ఊళ్లలో కట్టే తీరు వేరు. పునాది ఒకరు, సెంట్రింగ్ ఒకరు, టైల్స్ ఇంకొకరు. మెటీరియల్ ఓనరే కొంటాడు. ఇలా కట్టినప్పుడు మొత్తం ఖర్చు 80 లక్షలైనా ఏ ఒక్కరి వాటా 50 లక్షలు చేరదు. 194ఎం ఎక్కువగా పని చేసేది నగరాల్లోని విల్లాల దగ్గర. భీమ్‌గల్ లాంటి చోట 194సీకీ 194ఎంకీ మధ్య పెద్ద ఖాళీ ఉంది. నూటికి తొంభై మంది ఓనర్లు ఉండేది అక్కడే అంటే అతిశయోక్తి కాదేమో.

పట్టాక ఏం చేయాలి?

194సీ కిందికి వచ్చినవాళ్లు ముందు టాన్ తీసుకోవాలి. పట్టిన పన్నును మరుసటి నెల 7వ తేదీలోగా కట్టాలి, మార్చి నెలదైతే ఏప్రిల్ 30 వరకు గడువు. మూడు నెలలకోసారి 26క్యూ స్టేట్‌మెంటు ఇవ్వాలి. గడువులు జులై 31, అక్టోబరు 31, జనవరి 31, మే 31. స్టేట్‌మెంటు ఆలస్యమైతే రోజుకు 200 రుసుము, అయితే అది పట్టిన పన్నును మించదు. పట్టాల్సింది పట్టకపోతే నెలకు 1 శాతం వడ్డీ, పట్టి కట్టకపోతే నెలకు 1.5 శాతం. రెండో తప్పును చట్టం మరీ గట్టిగా చూస్తుంది, కేసు దాకా వెళ్లవచ్చు. అది మేస్త్రీ డబ్బును తన దగ్గర దాచుకోవడమే కదా.

మేస్త్రీ వైపు నుంచి చూస్తే 1 శాతం పోయినట్టే అనిపిస్తుంది. కానీ పోదు. ఏడాదికి పది లక్షల గుత్త పనులు బ్యాంకు ద్వారా అందుకున్న మేస్త్రీ, రాబడిలో ఇంత శాతం లాభమని అంచనాగా చూపే 44ఏడీ పద్ధతిలో కనీసం 6 శాతం, అంటే 60,000 ఆదాయంగా చూపవచ్చు. వేరే ఆదాయం లేకపోతే పన్ను పడదు. పట్టిన 10,000 వాపసు వస్తుంది. ఆ రిటర్నే రేపు బ్యాంకులో అప్పుకు వెళ్తే ఆదాయానికి రుజువు అవుతుంది. అయితే రిటర్ను వేయాలి, వేయించడానికి ఎవరికో ఫీజు ఇవ్వాలి, పాన్ ఆధార్‌తో జోడై ఉండాలి. జోడు కాని పాన్ పనిచేయదు, మళ్లీ 20 శాతమే. అందుకే చాలామంది మేస్త్రీలు టీడీఎస్ మాట ఎత్తగానే "ఆ ఒక శాతం మీరే పెట్టుకోండి" అంటారు. మొత్తాన్ని పెంచి ఓనరే భరిస్తాడు. చట్టం తలచింది ఒకటి, జరిగేది ఇంకొకటి.

ఓనరు దుబాయిలో ఉంటే

భీమ్‌గల్, మోర్తాడ్, బాల్కొండ, ఆర్మూర్ ప్రాంతాల్లో ఓనరు దుబాయిలోనో, సౌదీలోనో ఉండి, ఇల్లు ఇక్కడ తమ్ముడి పెత్తనంలో నడవడం మామూలే. అక్కడి నుంచి పంపిన డబ్బుతో తమ్ముడు మేస్త్రీకి చెల్లిస్తాడు. బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు జవాబు, పని ఎవరి తరఫున చేయిస్తున్నారో వారిది అనే. గల్ఫ్‌లో ఉద్యోగం చేసే వ్యక్తికి వ్యాపారం లేదు కాబట్టి 194సీ రాదు. తమ్ముడికి ఇక్కడ పెద్ద దుకాణం ఉన్నా, అన్న పేరున ఉన్న ఇంటికి అన్న డబ్బే ఖర్చు పెడుతున్నట్టు బ్యాంకు కాగితం ఉంటే మేలు. తన ఖాతాలో కలిపేసి నగదు తీసి ఇస్తే తర్వాత చెప్పుకోవడం కష్టం.

గల్ఫ్ ఓనర్లకు అసలు చిక్కు వచ్చేది ఎదురు దిశ నుంచి. ఇక్కడ నివాసి అయిన ఓనరుకు ఒక వ్యక్తి నెలకు 50,000 లోపు కిరాయి కడితే పన్ను పట్టనక్కర్లేదు. దాటితే 194ఐబీ కింద 2 శాతం. ఓనరు ప్రవాసి అయితే ఈ హద్దులేవీ లేవు. 195వ సెక్షన్ ప్రకారం కిరాయి ఎంత చిన్నదైనా, కిరాయిదారు సెస్‌తో కలిపి 31.2 శాతం పట్టాలి. టాన్ కూడా తీసుకోవాలి. నెలకు ఎనిమిది వేలు కట్టే టైలరుకు ఈ బాధ్యత ఉందంటే నవ్వొస్తుంది, చట్టంలో మాత్రం ఉంది. ఓనరు విదేశంలో ఉన్నాడని చెప్పకుండా తమ్ముడి ఖాతాలో కిరాయి వేయించుకునే పద్ధతికి ఇదే మూలం. కిరాయిదారు బ్యాంకు శాఖో, పెద్ద కంపెనీయో అయినప్పుడు ఈ దాపరికం ఎక్కువ రోజులు నిలవదు. తక్కువ రేటుకు పట్టించుకునేందుకు శాఖ నుంచి ముందే సర్టిఫికెట్ తెచ్చుకోవడమే సరైన దారి.

డాలస్‌లో ఇల్లున్నవాళ్లు

అమెరికాలో కిరాయి ఇళ్లు కొన్న తెలుగువాళ్లకు ఈ ప్రశ్న వేరే రూపంలో వస్తుంది. అక్కడ 30 శాతం లాంటి ఏకమొత్తం మినహాయింపు లేదు. ఓనరు అసలు ఖర్చులే చూపించుకోవాలి. ఖర్చు చూపించుకుంటావు కాబట్టి ఎవరికిచ్చావో చెప్పు అంటుంది అక్కడి చట్టం. కిరాయిలను వ్యాపారంగా నడిపే ఓనరు, ప్లంబరుకో పెయింటరుకో ఏడాదిలో ఒక హద్దు దాటి ఇస్తే 1099-ఎన్‌ఈసీ పత్రాన్ని జనవరి 31లోగా ఇవ్వాలి. దశాబ్దాలుగా ఆ హద్దు 600 డాలర్లు. 2025లో చేసిన చట్టంతో 2026 చెల్లింపుల నుంచి 2,000 డాలర్లు అయింది. కార్డు మీద చెల్లిస్తే ఓనరు చెప్పనక్కర్లేదు, చెల్లింపుల కంపెనీయే చెబుతుంది. మామూలుగా పన్ను పట్టడం ఉండదు. కాంట్రాక్టరు తన పన్ను నంబరు ఇవ్వకపోతేనే 24 శాతం పట్టాలి.

కిరాయి ఇచ్చే ప్రతి ఓనరూ వ్యాపారే అనుకుని ఈ బాధ్యతను అందరి మీదా పెట్టాలని అక్కడ 2010లో చట్టం చేశారు. ఒక్క ఇల్లున్నవాళ్లు కూడా కాగితాల్లో మునిగిపోతారన్న వ్యతిరేకత ఎంత బలంగా వచ్చిందంటే, 2011 ఏప్రిల్‌లోనే దాన్ని వెనక్కి తీసుకున్నారు. అయినా అక్కడి రిటర్ను ఫారంలో, కిరాయి ఆదాయం రాసే షెడ్యూల్‌లో ఒక ప్రశ్న ఉంటుంది. 1099 ఇవ్వాల్సిన చెల్లింపులు చేశావా, చేస్తే ఇచ్చావా అని. ఓనరు సంతకం కింద ఆ జవాబు ఉంటుంది.

పన్ను పట్టకుండా సమాచారం మాత్రమే ఇవ్వడం మనకు తెలియని పద్ధతేమీ కాదు. పది వరకు సరుకు లారీలున్న యజమాని పాన్ ఇచ్చి, తనకు అంతకు మించి లేవని రాసిస్తే అతనికి టీడీఎస్ పట్టనక్కర్లేదు. కానీ చెల్లించినవాళ్లు ఆ వివరాన్ని స్టేట్‌మెంటులో చూపాలి. 2015 నుంచి ఈ పది లారీల హద్దు ఉంది. బోధన్‌లో 1937 నాటి నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది కాబట్టి అక్కడి చెరకు లారీలకు ఈ నియమం ఎక్కువ కాలం అక్కరకు రాలేదు గానీ, ఇవాళ మిల్లుల ధాన్యం లారీలకు అక్కరకొస్తోంది. లారీ ఓనరును నొప్పించకుండా అతని రాబడి జాడ తెలుసుకునే ఏర్పాటు ఇది. మేస్త్రీకి మాత్రం అలాంటిది లేదు.

అడగకపోయినా రాసుకోవాల్సింది

బాధ్యత లేని ఓనరుకు రాసుకునే పని కూడా లేదనుకోవడం పెద్ద పొరపాటు. 2018లో కొన్న ఇంటిపై 2023లో పది లక్షలు పెట్టి ఇంకో అంతస్తు వేయించారనుకుందాం. రేపు అమ్మినప్పుడు ఆ పది లక్షలను అభివృద్ధి ఖర్చుగా తీసేసుకోవచ్చు. దీర్ఘకాల లాభం మీద పన్ను ఇప్పుడు 12.5 శాతం. అంటే ఆ ఒక్క ఖర్చు రుజువైతే 1,25,000 పన్ను తగ్గుతుంది. 2024 జులై 23కు ముందు కొన్న ఆస్తికి, ఇక్కడి నివాసులైతే, ఇండెక్సేషన్‌తో 20 శాతం లెక్క వేసుకునే వెసులుబాటు కూడా ఉంది. ప్రవాసులకు అది లేదు. రంగులు, చిన్న మరమ్మతులు దీనిలోకి రావు, అవి ఏటేటా 30 శాతంలోనే తీరిపోతాయి. కొత్త గది, కొత్త అంతస్తు, బోరు లాంటి స్థిరమైన పనులే లెక్కకొస్తాయి. వాటికి మేస్త్రీ సంతకం చేసిన కాగితం, బ్యాంకు చెల్లింపు, మున్సిపాలిటీ అనుమతి ఉంటే అధికారి ముందు మాట నిలుస్తుంది. ఇల్లు కట్టడానికి డబ్బు ఎక్కడిదని అడిగినప్పుడు అక్కరకొచ్చేవీ అవే కాగితాలు.

నగదు విషయంలో ఇంకో హద్దు ఉంది. 2017 ఏప్రిల్ 1 నుంచి ఒక రోజులోగానీ, ఒకే వ్యవహారానికి సంబంధించిగానీ ఒకరి దగ్గర 2 లక్షలు, అంతకు మించి నగదు పుచ్చుకోకూడదు. పుచ్చుకుంటే అంత మొత్తమూ జరిమానా, అది పడేది పుచ్చుకున్నవాడి మీద. మూడు లక్షల గుత్తను నాలుగు దఫాలుగా నగదు ఇచ్చినా వ్యవహారం ఒకటే అంటే చిక్కు మేస్త్రీకి వస్తుంది. అందుకే ఫోన్‌పే చేయమని ఓనరు అంటే, అది మేస్త్రీకి కూడా మంచి మాటే.

తేలిందేమిటి

ఇప్పుడున్న ఏర్పాటులో రెండు లోపాలు కనిపిస్తాయి. చెల్లించేవారి హోదాను బట్టి బాధ్యత మారడంతో చిన్న సహకార సంఘం 30,000 దాటిన బిల్లుకు టాన్, 26క్యూ, గడువులు మోస్తుంటే, ఏ వ్యాపారం లేని సంపన్న ఓనరు 49 లక్షలు ఇచ్చినా ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఇది మొదటిది. సమాచారం కావాల్సిన చోట కూడా చట్టం డబ్బే పట్టమంటోంది, వాపసు తెచ్చుకునే తిప్పలు తక్కువ ఆదాయమున్న మేస్త్రీ నెత్తిన పడుతున్నాయి. ఇది రెండోది.

అలాగని కిరాయి ఇచ్చే ప్రతి ఓనరునూ లెక్కలోకి లాగమనడం సరి కాదు. అమెరికా 2011లో వెనక్కి తగ్గింది ఆ తప్పు తెలుసుకునే. నాకు న్యాయంగా తోచేది ఒకటే కొలత: ఖర్చును లెక్కలో చూపించుకోవాలనుకున్నవాడే ఎవరికి ఇచ్చాడో చెప్పాలి. 30 శాతంతో సరిపెట్టుకునే ఓనరును ఏమీ అడగనక్కర్లేదు. కొత్త అంతస్తు ఖర్చును రేపు అమ్మకంలో తీసేసుకోవాలనుకునే ఓనరు మాత్రం ఆ ఏడాది రిటర్నులో కాంట్రాక్టరు పాన్, ఇచ్చిన మొత్తం రెండు గళ్లలో రాస్తే చాలు. ఒక్క పైసా పట్టనక్కర్లేదు. లారీల విషయంలో పదేళ్లుగా నడుస్తున్న పద్ధతినే మేస్త్రీలకు వర్తింపజేయడం ఇది. సొసైటీలకు, చిన్న ఫర్మ్‌లకు కూడా ఒక టర్నోవరు హద్దు పెట్టాలి. రిజిస్టరు చేయించుకోవడమే శిక్షగా మారకూడదు.

చట్టం మారేదాకా భీమ్‌గల్ ఓనరు తనను తాను మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. కిందటేడు నా వ్యాపారం కోటి గానీ, వృత్తి రాబడి 50 లక్షలు గానీ దాటిందా? కట్టిస్తున్నది నేనా, ఫర్మా, సంఘమా? ఈ ఏడాది ఒక్కరికే 50 లక్షలు మించి ఇస్తున్నానా? మూడింటికీ జవాబు 'లేదు, నేనే, లేదు' అయితే శాఖకు చెప్పాల్సింది లేదు. అప్పుడు కూడా మేస్త్రీ పేరు, పాన్, పని, తేదీ, ఇచ్చిన మొత్తం ఒక పుస్తకంలో రాసి, చెల్లింపు బ్యాంకు ద్వారా చేయాలి. ఆ రాత శాఖ కోసం కాదు, ఇల్లు అమ్మే రోజున ఓనరు సొంత లాభం కోసం.